కోత పడింది సరే, జమ అయిందా?

కొత్తగూడెంలో 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలై, తర్వాత చాలా ఏళ్లు కాకతీయ విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలగా నడిచిన ప్రాంగణం 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. గేటు మీద బోర్డు మారింది, లోపల పనిచేసేవాళ్లు మాత్రం చాలామంది నిన్నటివాళ్లే. ఒకే వరండాలో నాలుగు రకాల ఉద్యోగులు కనిపిస్తారు. 2004 సెప్టెంబర్ 1కి ముందు చేరిన పర్మనెంట్ ఉద్యోగి ఒకరు. ఆ తేదీ తర్వాత చేరి, కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం అయిన సీపీఎస్‌లో ఉన్న పర్మనెంట్ ఉద్యోగి ఇంకొకరు. ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు అధ్యాపకుడు, ఏజెన్సీ ద్వారా వచ్చిన వాచ్‌మన్, స్వీపర్, అటెండర్. ఖమ్మంలోని కాకతీయ పీజీ కళాశాలలో చూసినా, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలో చూసినా ఇదే వరస.

ఈ నలుగురి జీతంలోంచీ ప్రతి నెలా ఏదో ఒక పేరుతో డబ్బు కోస్తారు. ఎందుకు కోస్తున్నారు, ఎక్కడికి పోతోంది, అవసరం పడినప్పుడు ఎలా తిరిగి వస్తుంది అని అడిగితే సరిగ్గా చెప్పగలిగేవాళ్లు తక్కువ. ప్రొఫెసర్లు కూడా ఈ విషయంలో పెద్ద మెరుగేమీ కాదు. జీతంలో కోత పడటం వేరు, మీ ఖాతాలో జమ కావడం వేరు. ఈ రెండూ సరిపోతున్నాయో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోవాలన్నదే నేను చెప్పదలచుకున్నది. పెద్దాస్పత్రికి పోవాలంటే రాత్రి మణుగూరు రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాల్సిన ప్రాంతం మనది. కాగితాల కోసం అప్పుడు వెనక్కి పరిగెత్తడం కుదిరే పని కాదు.

పర్మనెంట్ ఉద్యోగులకు సంఘాలున్నాయి, డైరీలున్నాయి, జీవోలు నోటికి చెప్పే సీనియర్లున్నారు. అందుకే కింది నుంచి మొదలుపెడుతున్నాను.

ఏజెన్సీ మారినప్పుడల్లా

2021లో రాష్ట్ర ప్రభుత్వం అవుట్‌సోర్సింగ్ ఉద్యోగుల వేతనాలను మూడు తరగతులుగా 15,600, 19,500, 22,750 రూపాయలని నిర్ణయించింది. 15,600 తీసుకునే వాచ్‌మన్ లెక్కే చూద్దాం. భవిష్యనిధికి చట్టం పెట్టిన వేతన పరిమితి 15,000. దాని మీద 12 శాతం, అంటే 1,800 రూపాయలు ఆయన జీతంలోంచి కోస్తారు. యజమాని మరో 1,800 కట్టాలి. అందులో 1,250 పెన్షన్ పథకానికి పోతుంది, మిగతా 550 పీఎఫ్ ఖాతాలో పడుతుంది. మొత్తం మీద నెలకు 3,600 రూపాయలు ఆయన పేరు మీద జమ కావాలి. యజమాని వాటాను కూడా కార్మికుడి జీతంలోంచే కోసేసి "రెండు వాటాలూ కడుతున్నాం" అనే ఏజెన్సీలు ఉంటాయి. అది చట్టవిరుద్ధం. పే స్లిప్పు ఇవ్వమని అడగండి, ఇవ్వకపోతే బ్యాంకులో పడిన జీతాన్ని చూసి లెక్క కట్టండి.

జమ అయిందీ లేనిదీ చూసుకోవడం కష్టమేమీ కాదు. ప్రతి పీఎఫ్ సభ్యుడికీ ఉండే యూఏఎన్ నంబర్‌కు జోడించిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరగా ఎంత పడిందో మెసేజ్ వస్తుంది. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే నెల నెలా కనిపిస్తుంది. ఫోన్ నంబర్ మార్చేసి యూఏఎన్‌లో పాతదే ఉంచినవాళ్లు ముందు ఆ పని చూసుకోవాలి.

అసలు నష్టం ఇంకోచోట జరుగుతోంది. టెండర్ ముగిసి ఏజెన్సీ మారుతుంది. మనిషి అదే గేటు దగ్గర అదే కుర్చీలో కూర్చుంటాడు గానీ కాగితం మీద పాత ఉద్యోగం పోయి కొత్తది వచ్చినట్టు. అప్పుడు ఎవరో ఒకరు "పాత పీఎఫ్ తీసేసుకో, ముప్పై నలభై వేలొస్తాయి" అంటారు. ఇంట్లో పెళ్లో, బోరు బావో, పిల్ల ఫీజో ఉండనే ఉంటుంది. నెట్ సెంటర్‌లో ఫారం 19తో పాటు ఫారం 10సీ కూడా పెట్టేస్తారు. మొదటిది పీఎఫ్ డబ్బుది. రెండోది పెన్షన్ వాటాది. ఆ రెండో ఫారం మీద డబ్బు తీసుకున్న క్షణంలో అప్పటిదాకా ఉన్న పెన్షన్ సర్వీసు సున్నా అవుతుంది.

1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకంలో నెలనెలా పెన్షన్ రావాలంటే మొత్తం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. లెక్క తేలికే. చివరి 60 నెలల సగటు వేతనాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 15,000 మీద 10 ఏళ్లకు 2,142 రూపాయలు. 20 ఏళ్లు నిండి 58 దాకా పనిచేస్తే మరో 2 ఏళ్లు కలిపి 22కు లెక్కేస్తారు, 4,714 వస్తుంది. పెద్ద మొత్తమేమీ కాదు, నిజమే. కానీ మధ్యలో రెండుసార్లు 10సీ పెట్టుకున్న మనిషి ఇరవై ఏళ్లు పనిచేసినా ఆ పదేళ్లు ఒక్కచోట కలవక, నెలకు ఒక్క రూపాయి కూడా రాకుండా మిగిలిపోవచ్చు. కాబట్టి ఏజెన్సీ మారినప్పుడు డబ్బు తీసుకోకండి. పాత ఖాతాను కొత్త ఖాతాలోకి బదిలీ పెట్టండి, యూఏఎన్ ఒక్కటే ఉంచండి. కొత్త ఏజెన్సీ మరో యూఏఎన్ తెరుస్తామంటే ఒప్పుకోవద్దు. డబ్బు అవసరమే పడితే ఉద్యోగంలో ఉంటూనే పీఎఫ్ నుంచి అడ్వాన్సు తీసుకోవచ్చు, దానివల్ల పెన్షన్ సర్వీసు చెడదు. ఉద్యోగం పోయాక పెన్షన్ వాటా తీసుకోవడానికి ఆగాల్సిన కాలాన్ని 2 నెలల నుంచి 36 నెలలకు పెంచాలని ఈపీఎఫ్‌ఓ కేంద్ర ట్రస్టీల బోర్డు 2025 అక్టోబర్‌లో నిర్ణయించింది. దాని మీద సంఘాలు కోపగించుకున్నాయి. నా మటుకు నాకు, పెన్షన్ వాటా విషయంలో ఆ అడ్డుకట్ట కార్మికుడికి మేలే చేస్తుందనిపిస్తుంది.

ఉద్యోగంలో ఉండగా మనిషి చనిపోతే 10 ఏళ్ల షరతు లేదు. పెన్షన్ పథకానికి ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు వితంతు పెన్షన్, ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా పిల్లల పెన్షన్ వస్తాయి. ఇవి కాక ఈడీఎల్‌ఐ అనే బీమా ఉంది. దానికి ఉద్యోగి కట్టేదేమీ లేదు. ఏడాది సర్వీసు ఉంటే కనీసం రెండున్నర లక్షలు, గరిష్ఠంగా 7 లక్షలు కుటుంబానికి అందాలి. కర్మ ఖర్చులకు తోటివాళ్లు చందాలు వేసుకున్న ఇళ్లలో కూడా చాలాసార్లు ఈ బీమాకు ఎవరూ దరఖాస్తు పెట్టరు. అడిగితే "అలాంటిదుందా?" అంటారు.

ఏజెన్సీ కట్టకపోతే ఎవర్ని పట్టుకోవాలి? పీఎఫ్ నిబంధనలూ ఈఎస్ఐ నిబంధనలూ ప్రధాన యజమాని అనే మాట వాడతాయి. ఇక్కడ ప్రధాన యజమాని విశ్వవిద్యాలయం. కాంట్రాక్టర్ కట్టకపోయినా చందా బాధ్యత చివరికి విశ్వవిద్యాలయానిదే. కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేసే ముందు గత నెల పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు, వాటితో పాటు ఎవరి పేరున ఎంత కట్టారో చూపే జాబితా తీసుకోవడం అకౌంట్స్ సెక్షన్ పని. ఒట్టి చలానా చాలదు. అందులో మొత్తం మాత్రమే ఉంటుంది, పేర్లు జాబితాలోనే ఉంటాయి.

ఈఎస్ఐ అంటే మందుల చీటీ మాత్రమే కాదు

21,000 లోపు జీతమున్నవాళ్లకు ఈఎస్ఐ. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. మన వాచ్‌మన్ జీతంలోంచి పోయేది 117 రూపాయలు, యజమాని కట్టేది 507. పైన చెప్పిన మూడో తరగతి, అంటే 22,750 తీసుకునేవాళ్లు, ఈ పరిమితి దాటిపోతారు. రెండో తరగతి నుంచి మూడో తరగతికి మారి జీతం పెరిగిందని సంతోషించేలోపు ఇంటిల్లిపాదికీ ఉన్న వైద్యం పోయిందని గమనించని వాళ్లున్నారు. వాళ్లు వెంటనే సొంతంగా కుటుంబ ఆరోగ్య బీమా తీసుకోవాలి. ఇందులో రెండో మాట లేదు.

ఈఎస్ఐ అనగానే డిస్పెన్సరీలో ఇచ్చే మాత్రలే గుర్తొస్తాయి. కానీ దాని అసలు బలం నగదు సాయంలో ఉంది. డాక్టర్ విశ్రాంతి రాస్తే ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం చెల్లిస్తారు. క్షయ, క్యాన్సర్ లాంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు, 2 ఏళ్ల సర్వీసు ఉంటే, 80 శాతం చొప్పున చాలా ఎక్కువ కాలం ఇస్తారు. ప్రసవానికి 26 వారాల పూర్తి వేతనం ఉంది. హాస్టల్ వంటమనిషికి టీబీ వస్తే "ఆర్నెల్లు ఇంట్లో ఉండు, తర్వాత చూద్దాం" అని పంపించేసే చోట ఈ 80 శాతం సంగతి తెలియడం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. సాధారణ సిక్ బెనిఫిట్‌కు ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు చందా కట్టి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టినది తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా పనికొస్తుంది. ఏజెన్సీ రెండు మూడు నెలలు ఎగ్గొడితే ఈ 78 తప్పిపోయి, మీరు సరిగ్గా పనిచేసినా సాయం రాదు.

డ్యూటీలో ప్రమాదం జరిగితే ఒక్క రోజు చందా కట్టకపోయినా హక్కు ఉంటుంది. వైకల్యానికి వేతనంలో 90 శాతం, చనిపోతే కుటుంబానికి నెలనెలా ఆశ్రిత పెన్షన్. ఇంటి నుంచి డ్యూటీకి వచ్చే దారిలో, తిరిగి పోయే దారిలో జరిగిన ప్రమాదం కూడా పనితో సంబంధం ఉందని చూపగలిగితే ఇందులోకే వస్తుంది. జూలూరుపాడు నుంచో ములకలపల్లి నుంచో తెల్లవారుజామున బండి మీద డ్యూటీకి వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రాత్రి డ్యూటీలో హాస్టల్ వెనక పొదల దగ్గర పాము కరిచినా అంతే. అలాంటప్పుడు ముందు ప్రాణం, సర్కారు దవాఖానాకు తీసుకుపోవాలి. అయితే అదే రోజు ప్రమాద పుస్తకంలో రాయించి, యజమాని చేత ఈఎస్ఐకి ప్రమాద నివేదిక పంపించాలి. రెండు వారాల తర్వాత రాస్తే "పొలంలో కరిచిందేమో" అనే అనుమానం ఫైలు మీద కూర్చుంటుంది. మీ కార్డు ఏ డిస్పెన్సరీకి కేటాయించి ఉందో ఇవాళే చూసుకోండి. పాత ఏజెన్సీ హైదరాబాద్ చిరునామా ఇచ్చి ఉంటే కార్డు అక్కడి డిస్పెన్సరీ పేరు మీదే ఉండిపోతుంది. చిరునామా మార్పించి దగ్గరిదానికి తెచ్చుకోవచ్చు.

సీపీఎస్: అరవై, నలభై

2004 సెప్టెంబర్ తర్వాత చేరిన పర్మనెంట్ ఉద్యోగికి పాత పెన్షన్ లేదు, ప్రాన్ అనే నంబరుతో పెన్షన్ నిధి ఖాతా ఉంది. మూల వేతనం, డీఏ కలిపిన దాంట్లో 10 శాతం మీది, అంతకు సమానంగా యజమాని వాటా. రిటైరయ్యాక 60 శాతం దాకా చేతికి తీసుకుని, కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. ఉదాహరణకు ఖాతాలో 50 లక్షలుంటే 30 లక్షలు చేతికొస్తాయి, 20 లక్షలు యాన్యుటీకి పోతాయి. ఏడాదికి 6 శాతం చొప్పున అనుకుంటే నెలకు 10 వేలు. డీఏ లేదు, పీఆర్సీ లేదు, బతికినంత కాలం ఆ పది వేలే. కొత్తగూడెంలో ఈ సంగతి అర్థం చేసుకోవడానికి దూరం పోనక్కర్లేదు, పక్కింటి రిటైర్డ్ సింగరేణి కార్మికుణ్ణి అడిగితే చాలు. 1998 నాటి బొగ్గు గని పింఛను పథకంలో ఎప్పుడో ఖాయమైన మొత్తమే ఇప్పటికీ తీసుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఆ రోజు బియ్యం ధర ఎంత, ఇవాళ ఎంత అన్నది వాళ్లు చెబుతారు.

అందుకని చేతికొచ్చే 30 లక్షలను ఇల్లు పూర్తిచేయడానికో, అల్లుడి వ్యాపారానికో మొత్తం పెట్టేయొద్దని నా సలహా. ఇది చాలామందికి రుచించదు. మన దగ్గర రిటైర్మెంట్ డబ్బు అంటే పిల్లల డబ్బు అనే లెక్క ఉంది. కనీసం సగం పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం లాంటి చోట ఉంచితే ఆ పది వేలకు తోడవుతుంది. యాన్యుటీ కొనేటప్పుడు భార్యకో భర్తకో కొనసాగి, ఇద్దరి తర్వాత అసలు వారసులకు తిరిగొచ్చే రకం అడగండి. నెలకు కొంచెం ఎక్కువ వస్తుందని ఒక్కరి జీవితకాలపు రకం కొంటే, ఆ ఒక్కరు పోయిన రోజే ఇంటి ఆదాయం ఆగిపోతుంది. ఒకసారి కొన్నాక సాధారణంగా మార్చుకునే వీలుండదు.

ఏటా ఒకసారి ప్రాన్ స్టేట్‌మెంట్ దించుకుని పన్నెండు పే స్లిప్పుల పక్కన పెట్టి సరిచూడండి. మీ వాటా పడి యజమాని వాటా పడని నెలలు, రెండూ ఆలస్యంగా పడిన నెలలు బయటపడితే వెంటనే రాతపూర్వకంగా అడగండి. ఆలస్యమైన ప్రతి నెలా మార్కెట్‌లో పెరగాల్సిన డబ్బు పెరగకుండా పోయినట్టే. సంస్థ మారినప్పుడు ఇది మరీ ముఖ్యం. కాకతీయ నుంచి కొత్త యూనివర్సిటీకి ఎవరు ఏ షరతుల మీద వెళ్తారన్నది ఉత్తర్వులు తేల్చే విషయం. ఎటు పోయినా ప్రాన్ అదే, యూఏఎన్ అదే. మారేది వాటిని నడిపే కార్యాలయం కోడ్. పాత కోడ్ కిందే ప్రాన్ ఉండిపోతే కొత్త కార్యాలయం కోసిన డబ్బు దారి తప్పుతుంది. సర్వీస్ బుక్కు నకలు, లీవు ఖాతా నిల్వ, ఇంక్రిమెంట్ తేదీ, ఈ మూడింటి మీద పాత కార్యాలయం సంతకం తీసుకున్నాకే కదలండి. 2014లో వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండు రాష్ట్రాలకు రెండుగా అయినప్పుడు అశ్వారావుపేటలో పనిచేసిన పాతవాళ్లను అడిగితే, సర్వీస్ బుక్కు నకలు ఇంట్లో ఉంచుకోవడం ఎందుకు మంచిదో వివరంగా చెబుతారు.

సీపీఎస్ ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబ పెన్షన్ ఎంచుకునే వీలు 2021లో రాష్ట్ర ప్రభుత్వం కల్పించింది. అలా ఎంచుకుంటే ఖాతాలోని ప్రభుత్వ వాటా వెనక్కి ఇవ్వాలి. విశ్వవిద్యాలయం స్వయంప్రతిపత్తి సంస్థ కాబట్టి ఇలాంటి జీవో దానంతటదే వర్తించదు, పాలకమండలి స్వీకరించాలి. మీ దగ్గర స్వీకరించారా లేదా అని సంఘం తరఫున రిజిస్ట్రార్‌ను అడిగి సమాధానం కాగితం మీద తీసుకోండి. పదవీ విరమణ వయసుది కూడా ఇదే సంగతి. ప్రభుత్వ ఉద్యోగులకు 2021లో 61 అయింది. ఉన్నత విద్యాశాఖ కింది విశ్వవిద్యాలయాల్లో యూజీసీ స్కేలు అధ్యాపకులకు 2025 జనవరిలో 60 నుంచి 65కు పెంచారు. ఒకే చోట పనిచేసే భార్య లెక్చరరు, భర్త సూపరింటెండెంటు అయితే రెండు వేర్వేరు లెక్కలు వేసుకోవాలి.

పాత పెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఎక్కువ చెప్పాల్సింది లేదు. 1980 నాటి పెన్షన్ నియమాలు వాళ్లను కాపాడుతున్నాయి. 300 రోజుల దాకా ఆర్జిత సెలవు నగదు చేసుకోవడం, 40 శాతం దాకా కమ్యుటేషన్, 15 ఏళ్ల తర్వాత దాని పునరుద్ధరణ వాళ్లకు కంఠతా వచ్చు. పెన్షన్ ఫైలు ఏడాది ముందే కదిలించండి, లైబ్రరీ, క్వార్టర్స్, స్టోర్స్ నుంచి బకాయి లేదనే కాగితాలు ఆఖరి నెల దాకా ఆపకండి. అంతే.

జ్వరం, ఎండ, వరద, సరిహద్దు

భద్రాచలం రోడ్ స్టేషన్ కొత్తగూడెంలో ఉంది, భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్ల అవతల గోదావరి ఒడ్డున ఉంది. బయటివాళ్లకు ఇది తమాషా. గుండెనొప్పి వచ్చినవాడికి మాత్రం ఈ దూరాలే ప్రాణం. కాబట్టి ఇక్కడ ఆరోగ్య సదుపాయం అంటే యోగా తరగతి కంటే ముందు మూడు విషయాలు చూడాలి.

మొదటిది ముందే తెలుసుకోవడం. బీపీ, షుగర్ ఉన్నట్టు తెలియకుండానే తిరిగేవాళ్లు ఎందరో. కొత్తగూడెంలో 2022 నుంచి, ఖమ్మంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద సర్కారు దవాఖానా రాసిన రక్తపరీక్షలు ఉచితంగా చేస్తారు. ఏడాదికి ఒక రోజు క్యాంపస్‌లోనే అందరికీ, ఏజెన్సీ వాళ్లతో సహా, పరీక్షలు పెట్టించడానికి రిజిస్ట్రార్ ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. అయినా ఎందుకు జరగదో నాకు అర్థం కాదు.

రెండోది ఈ నేల జబ్బులు. వానలు పడ్డాక చర్ల, దుమ్ముగూడెం వైపు ఫీల్డ్ పనికో, సర్వేకో, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకో వెళ్లొచ్చినవాళ్లకు జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని చూడొద్దు, మొదటి రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి. డాక్టర్‌కు ఏ ఊరికి వెళ్లొచ్చారో చెప్పాలి. హైదరాబాద్ ఆస్పత్రుల్లో ఆ మాట మీరు చెప్పకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు. ఇక ఎండాకాలం సంగతి. కొత్తగూడెం, పాల్వంచ మే నెలలో ఎలా ఉడుకుతాయో ఇక్కడివాళ్లకు చెప్పాలా? మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా తోటమాలికి, గేటు కాపలాకు ఆరుబయట పని పెట్టకుండా డ్యూటీ వేళలు మార్చడం అధికారి చేతిలో పని. అందుకు ఏ జీవో అక్కర్లేదు. కుటుంబం హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో ఉండి, ఇక్కడ అద్దె గదిలో ఒంటరిగా గడిపే అధ్యాపకులదీ ఒక జబ్బే. నిద్రపట్టకపోవడం, తాగుడు పెరగడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం. టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు, పేరు బయటికి రాదు.

మూడోది దూరం, సరిహద్దు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అవతలి ఒడ్డున కుటుంబం ఉన్నవాళ్లు జూన్ చివరికల్లా బీపీ, షుగర్, ఫిట్స్ మందులు నెలకు సరిపడా తెచ్చుకోవాలి. డయాలసిస్ రోగి, నెలలు నిండిన గర్భిణి ఇంట్లో ఉంటే ఇవతలికి ఎప్పుడు రావాలో ముందే అనుకోవాలి. సర్టిఫికెట్లు, సర్వీస్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో అటక మీదికి పోవాలి, వాటి ఫొటోలు ఫోన్లో ఉండాలి.

2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ఎటపాక భద్రాచలానికి ఆనుకునే ఉంటుంది, రాష్ట్రం వేరు. అక్కడి రేషన్ కార్డుతో ఇక్కడ పనిచేసే అవుట్‌సోర్సింగ్ మనిషికి తెలంగాణ ఆరోగ్యశ్రీ వర్తించదు, కార్డు ఇచ్చిన రాష్ట్రపు పథకమే వర్తిస్తుంది. తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలైంది. అవతల అదే పని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ చేస్తుంది. అశ్వారావుపేట వాళ్లకు ఇదే కథ తలకిందులుగా ఉంటుంది. వాళ్లకు ఖమ్మం కంటే జంగారెడ్డిగూడెం దగ్గర, ఏలూరో రాజమండ్రో పోవడం అలవాటు. అలవాటైన ఆస్పత్రి మీ పథకం జాబితాలో ఉందో లేదో కనుక్కోకుండా చేరితే బిల్లు మొత్తం చేతి నుంచే. అత్యవసరంలో ఎవరూ జాబితా చూడరు. అందుకే ఇప్పుడే రెండు ఆస్పత్రుల పేర్లు, వాటి ఆరోగ్యమిత్ర నంబర్లు ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి.

పర్మనెంట్ ఉద్యోగులు ఒక సంగతి సరిచూసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగుల నగదురహిత హెల్త్ కార్డు మీ విశ్వవిద్యాలయ సిబ్బందికి ఉందా, లేక ఖర్చు పెట్టుకుని తర్వాత బిల్లు పెట్టుకునే పద్ధతేనా? బిల్లు పద్ధతి అయితే 1972 నాటి వైద్య నియమాల ప్రకారం డిశ్చార్జి అయిన 6 నెలల్లోపు పెట్టాలి. డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, ఆవశ్యకత ధ్రువపత్రం, అత్యవసరంగా చేరితే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అన్నీ ఆస్పత్రి ముద్రతో ఉండాలి. ఇవి డిశ్చార్జి రోజునే అడిగి తీసుకోండి. ఇంటికొచ్చాక గుర్తొస్తే మళ్లీ రాత్రి రైలే.

మధ్యలో ఉన్నవాళ్లు

కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు అటూ కాదు, ఇటూ కాదు. పీఎఫ్ ఉందేమో అపాయింట్‌మెంట్ ఉత్తర్వులో చూడండి. గ్రాట్యుటీ మాత్రం చాలామంది మరిచిపోయే హక్కు. 1972 చట్టంలో అధ్యాపకులు కూడా వస్తారన్న సవరణను సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. 5 ఏళ్ల సర్వీసుకు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, 26 రోజుల నెలగా లెక్కేస్తారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ నిర్ణీత కాల ఉద్యోగులకు ఏడాది సర్వీసుకే ఈ హక్కు ఇచ్చింది. ఏ హక్కుకైనా సర్వీసు రుజువు కావాలి. ప్రతి ఏడాది రెన్యువల్ ఉత్తర్వు, జీతం పడిన బ్యాంకు పేజీ దాచండి. మధ్యలో ఒకటి రెండు రోజుల విరామం చూపించి మళ్లీ తీసుకున్న చోట ఆ కాగితాలే సర్వీసు కొనసాగిందని చెబుతాయి.

ఏ పథకమూ లేనివాళ్లు కనీసం రెండు బీమాలు తీసుకోండి. బ్యాంకు ఖాతాతో ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా. అటల్ పెన్షన్‌లో 30 ఏళ్ల వయసులో చేరి నెలకు 577 కడితే 60 తర్వాత 5,000 వస్తుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు 2022 అక్టోబర్ నుంచి అందులో చేరలేరు. మూడు దశాబ్దాల తర్వాత 5,000కు ఏమొస్తుందన్న ప్రశ్న సరైనదే. కాబట్టి అదే సర్వం అనుకోకుండా, వీలున్నవాళ్లు సొంతంగా ఎన్‌పీఎస్ ఖాతా కూడా తెరవాలి.

పేరు ఒక్కటేనా?

ఏజెన్సీ అటెండర్లలో, స్వీపర్లలో కోయ, లంబాడీ కుటుంబాలవాళ్లు చాలామంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక. స్కూలు టీసీలో లక్ష్మి, ఓటరు కార్డులో లచ్చమ్మ. పుట్టిన తేదీ ఒకచోట జనవరి 1, మరోచోట జూలై 1. మనిషి ఉన్నంత కాలం ఇవేవీ అడ్డం రావు. పోయాక భార్య క్లెయిమ్ పెట్టినప్పుడు ఒక్క అక్షరం తేడా నెలల తరబడి తిప్పుతుంది. 2017 అక్టోబర్ తర్వాత ఇచ్చిన, ఆధార్‌తో ధ్రువీకరించిన యూఏఎన్ ఉన్నవాళ్లు పేరు, పుట్టిన తేదీ లాంటి వివరాలను 2025 జనవరి నుంచి ఆన్‌లైన్‌లో తామే సరిచేసుకోవచ్చు. మిగతావాళ్లు యజమానితో కలిసి ఉమ్మడి డిక్లరేషన్ పెట్టాలి. ఏజెన్సీ మూతపడ్డాక ఆ సంతకం పెట్టేవాడు దొరకడు, అందుకే ఇప్పుడే. ప్రతి నెలా 27న జిల్లాల్లో ఈపీఎఫ్‌ఓ వాళ్లు నిధి ఆప్కే నికట్ శిబిరం పెడతారు, అక్కడికి కాగితాలన్నీ తీసుకెళ్లండి.

నామినీ పేరు కూడా అప్పుడే చూసుకోవాలి. పెళ్లికాక ముందు అన్న పేరో మేనమామ పేరో రాస్తే, పెళ్లయ్యాక పీఎఫ్‌లో ఆ నామినేషన్ చెల్లదు, కొత్తది పెట్టాలి. ప్రాన్‌లో, బ్యాంకులో, బీమాలో, గ్రాట్యుటీ ఫారంలో నామినీ వేర్వేరుగా రాయాలి, ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారదు. ఊళ్లో పెద్దల మధ్య జరిగిన పెళ్లికి కాగితం ఉండదు. పంచాయతీలో పెళ్లి నమోదు చేయించి, రేషన్ కార్డులో భార్య పేరు ఎక్కించి పెట్టుకుంటే తర్వాత మీసేవ చుట్టూ తిరగక్కర్లేదు.

అడిగినా ఏజెన్సీ గానీ, కార్యాలయం గానీ చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. విశ్వవిద్యాలయం కూడా ఈ చట్టం కిందికి వస్తుంది కాబట్టి రిజిస్ట్రార్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల ఫీజుతో తెల్ల కాగితం మీద రాయొచ్చు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. "గత 24 నెలల్లో ఫలానా పనికి కాంట్రాక్టర్‌కు చెల్లించిన బిల్లులు, ప్రతి బిల్లుతో జతచేసిన పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు, నా పేరున కట్టిన మొత్తం చూపే పేజీల నకళ్లు ఇవ్వగలరు" అని అడిగితే చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఒంటరిగా పెట్టడానికి భయమైతే పదిమంది పది దరఖాస్తులు ఒకే రోజు పెట్టండి, రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.